కోళ్ల షెడ్డులో బొందలగడ్డ

ఎంకపల్లి శివారులో హన్మయ్య కోళ్ల షెడ్డు మీదుగా పోయేవాళ్లు ఆ ఏడు ఒకటే మాట అనేవాళ్లు: "హన్మయ్య కోళ్లను బంద్ పెట్టి దయ్యాలను సాదుతున్నడు."

పెరిగిన కోళ్లు లారీ ఎక్కినాక షెడ్డు కడిగి, సున్నం కొట్టి, కొన్నాళ్లు ఖాళీగా ఉంచుతారు. ఆ ఖాళీలో హన్మయ్య కొడుకు భూపాల్ డ్రమ్స్ వాయించేవాడు. చేవెళ్ల కాలేజీలో వెంట చదివిన మహేశ్వర్ గిటారు పట్టుకుని కడుపులోంచి గుర్రుమంటూ పాడేవాడు. ఇంకో దోస్తు నాగేందర్ బేస్ గిటారు. వాళ్ల సంగీతాన్ని డెత్ మెటల్ అంటారు. బ్యాండు పేరు బొందలగడ్డ, అంటే శ్మశానం.

"ఆ పిలగానికి గొంతుల ముల్లు ఇరికిందారా?" అని హన్మయ్య అడిగేవాడు.

"అది పాట బాపు."

"దవాఖానకు తోల్కపోతే తక్కువైతదేమో సూడు."

అది 2007. మొయినాబాద్ రోడ్డు పొడుగునా ఫామ్‌హౌస్‌ల గోడలు లేస్తున్నాయి. మహేశ్వర్‌కు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికింది. ఆదివారాలు బైకు మీద వచ్చేవాడు. భూపాల్ డిగ్రీ ఫెయిలై కోళ్ల దగ్గరే ఉండిపోయాడు.

మొదటి ఆల్బమ్ నాటికి వాళ్లకు తెలిసింది వేగం ఒక్కటే. మొదలు నుంచి చివరి దాకా రేకుల మీద వడగళ్లు పడ్డట్టే ఉండేది. అన్ని పాటలూ ఒక్కటే అన్నారు విన్నవాళ్లు. ఆ మాట భూపాల్‌ను వదల్లేదు. కొత్త ఆల్బమ్ కోసం చేతిని ఆపడం నేర్చుకున్నాడు. ఏడాదిపాటు, ఖాళీ దొరికినప్పుడల్లా, ఎక్కడ కొట్టకూడదో వెతుక్కున్నాడు. చివరి పాటలో ఒకచోట ముగ్గురూ ఒక్కసారిగా ఆగిపోతారు. వినేవాడు ఊపిరి బిగబట్టేంత నిశ్శబ్దం. ఆ తర్వాత భూపాల్ దెబ్బతో అందరూ మీద పడతారు. ఆ నిశ్శబ్దం భూపాల్‌కు వచ్చిన ఆలోచనే. మొదటిసారి విన్నప్పుడు మహేశ్వర్ గిటారు కింద పెట్టి, "ఏడ దొరికిందిరా నీకిది?" అన్నాడు. అంతవరకు భూపాల్‌ను ఎవరూ అట్లా అడగలేదు.

ఆ ఒక్క పాటే రికార్డు చేయాల్సి ఉండగా రెండు కబుర్లు వచ్చిపడ్డాయి. కోడిపిల్లలను ఇచ్చి పెంపించుకునే కంపెనీ ఈసారి ముందే పిల్లలను దింపింది. మహేశ్వర్‌ను ఆఫీసువాళ్లు పుణె పంపుతున్నారు. మిగిలింది ఒక్క ఆదివారం.

"పుణె పోయినంక కూడ చేద్దాంలేరా," అన్నాడు మహేశ్వర్ ఫోన్‌లో.

"చెయ్యవు. ఆడ నీకు ఇంకోల్లు దొరుకుతరు. నాకు ఈడ ఎవరున్నరు? కోళ్లా?"

పిల్లలు చిన్నవి కాబట్టి షెడ్డుకు అడ్డంగా గోనెపట్టాలు కట్టి ఒక సగంలోనే ఉంచారు. రెండో సగం ఖాళీ. ఉన్నట్టుండి చప్పుడైతే పిల్లలు బెదిరి మూలకు ఉరుకుతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే అడుగునవి ఊపిరాడక చస్తాయి. చప్పుడుకు అలవాటు పడాలని పెంచేవాళ్లు షెడ్డులో రేడియో పెట్టి ఉంచుతారు. భూపాల్ రేడియో తీసేసి తమ మొదటి ఆల్బమ్ పెట్టాడు. రోజురోజుకూ సౌండు పెంచాడు. పిల్లలు మేత తింటూనే ఉన్నాయి.

"సూడు బాపు, నీకంటే వీటికే మంచిగ సమజైంది."

"కుప్పలు కుప్పలు సచ్చినయనుకో, కంపెనీ మల్ల పిల్లలనియ్యదు బిడ్డా. మనకున్నది గిదొక్కటే."

"సావయి. జర నన్ను నమ్ము."

హన్మయ్య నమ్మలేదు. కాదనీ అనలేదు. ఆదివారం పొద్దున పోయి పిల్లల వైపు నిలబడ్డాడు.

మహేశ్వర్ ఎవరినో అడిగి తెచ్చిన రికార్డింగ్ మెషీన్ ఆన్ చేశాడు. పాట మొదలైంది. గోనెపట్టాల అవతల బెదురు లేదు. నిశ్శబ్దం రావాల్సిన చోట ముగ్గురూ ఆగారు. అవతల పిల్లల కిచకిచ కూడా ఆగిపోయింది.

స్టిక్స్ పైకెత్తిన భూపాల్‌కు అప్పుడు తట్టింది. పిల్లలకు అలవాటు చేసింది పాత ఆల్బమ్. దాంట్లో ఎక్కడా ఆగడమే లేదు. ఆగి మీద పడే చప్పుడు అవి ఎన్నడూ వినలేదు.

మహేశ్వర్ అతని చేతుల వంకే చూస్తున్నాడు. సాయంత్రానికి పుణె బస్సు.

భూపాల్ కొట్టాడు.

అవతల వేల రెక్కలు ఒక్కసారే లేచాయి. అతను ఆపలేదు. చివరి దెబ్బ దాకా వాయించి, స్టిక్స్ పారేసి గోనెపట్టా ఎత్తాడు. మూలన హన్మయ్య మోకాళ్ల మీద ఉండి రెండు చేతులా కుప్పను విడదీస్తున్నాడు. పైవి ఉరికిపోతున్నాయి. అడుగునవి కదలడం లేదు.

"పాట అయిందా?" తలెత్తకుండా అడిగాడు.

"అయింది బాపు."

"గంప తే."

కంపెనీ మళ్లీ పిల్లలను ఇవ్వలేదు. హన్మయ్య జన్వాడలో ఒక ఫామ్‌హౌస్ చెట్లకు నీళ్లు పట్టే పనికి కుదిరాడు. కొన్ని వారాలకు మహేశ్వర్ పుణె నుంచి ఫోన్ చేశాడు.

"ఆ రెక్కల సప్పుడు నీ మైకులనే పడ్డదిరా. తీస్తే డ్రమ్స్ కూడ పోతయి. నీదొక్కటే మల్ల కొట్టి పంపు. షెడ్డు ఇప్పుడు ఖాళీనే గదా?"

"ఖాళీనే."

మధ్యాహ్నం భూపాల్ షెడ్డులో కూర్చుని మొదలుపెట్టాడు. నిశ్శబ్దం దాకా ఎక్కడా తప్పు పోలేదు. స్టిక్స్ ఎత్తాడు. చేతులు దిగలేదు. మళ్లీ మొదటికి వచ్చాడు, మళ్లీ అక్కడే ఆగాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

ఆ రోడ్డున పోయేవాళ్లకు ఆ పాట అక్కడి దాకే తెలుసు.