అనంతగిరి దారిలో లేని వాగు

అమ్మ గురించి నాకున్న జ్ఞాపకం ఒక్కటే. దట్టమైన చెట్ల కింద ఆమె వెంట నడుస్తున్నాను. దారికి అడ్డంగా వాగు, దానిమీద చెక్క వంతెన, అవతల మెరక మీద గడ్డికప్పు ఇల్లు. అది కోదాడలోని మా ఇంటి నుంచి అనంతగిరి వెళ్లే దారేనని నమ్ముతూ వచ్చాను. నాకు ఊహ సరిగా తెలియకముందే అమ్మ పోయింది.

సూర్యాపేటలో నీటి నమూనాలు పరీక్షించడం నా ఉద్యోగం. రుజువు లేని మాటను నివేదికలోకి రానివ్వను. ఈ వేసవిలో ఒక విదేశీ మ్యూజియం వెబ్‌సైటులో అదే వంతెన, అదే మెరక, అదే ఇల్లు కనబడ్డాయి. దాదాపు ఐదువందల ఏళ్ల కిందట యూరప్‌లో ఎవరో సిరాతో గీసి, పలుచని నీటిరంగులు పూసిన అడవి బొమ్మ అది. సిరా గోధుమరంగుకు తిరిగింది. పాత సర్వే పటాలు వెతికాను. అనంతగిరి దారిలో వాగు లేదు. ఆ నడక అబద్ధమైతే నాకు అమ్మ బొత్తిగా లేనట్టే.

మిర్యాలగూడ వెళ్లి, అమ్మకు అక్కైన పెద్దమ్మకు ఫోన్‌లో బొమ్మ చూపించాను.

"ఓ, గిది మీ ఇంట్ల క్యాలెండర్ బొమ్మనే గద! వంటింటి తలుపు పక్కన ఉండె."

"అమ్మ నన్ను అడవికి తీస్కపోలేదా పెద్దమ్మా?"

"మీ అమ్మనా? పాముంటదని పెరట్లకే పోకపోయేది, అడవికి పోతదా! నువ్వేమో అన్నం తినకపోదువు. ఒళ్ల కూసోబెట్టుకొని, బొమ్మ మీద వేలు పెట్టి నిన్ను తిప్పేది."

"నువ్వు కండ్లార చూసినవా, ఎవరన్న చెప్పిన్రా?"

"గదేం అడుగుడు, పోలీసోని లెక్క! పక్కనే కూసోని మజ్జిగ చిలుకుతుంటి."

ఏమని తిప్పేదో చెప్పమన్నాను. సిగ్గుపడింది. చివరికి తెరమీద వేలు ఆనించింది.

"ఇగో, చెట్ల కిందికొచ్చినం, ఒక ముద్ద. ఇగో వాగు, జారుతవ్, నన్ను పట్టుకో, ఇంకో ముద్ద. ఇల్లొచ్చింది, నోరు తెరువు..."

బొమ్మలో దారి ఆ ఇంటిని దాటి మళ్లీ చెట్లలోకి పోతుంది. పెద్దమ్మ వేలు ఇంటి దగ్గరే ఆగిపోయింది.

"తర్వాత?"

"తర్వాతేముంది బిడ్డా, అన్నం ఖతం. మూతి కడిగేది."

ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను తెరమీది బొమ్మను వేళ్లతో సాగదీసి, ఆ చెట్లలోకి ఇంకెంత దూరం పోవచ్చో చూస్తూ కూర్చున్నాను.