మంట తెలియని చేతులు

ఉదయం పదకొండున్నరకు అక్క ఉడుకుతున్న పప్పు గిన్నెను మసిగుడ్డ లేకుండా పొయ్యి మీది నుంచి దించింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆమెకు నొప్పి తెలియలేదు.

మా అద్దంకి వైపు మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్లు సాయంత్రం మంటకు ఓర్వలేక చేతులు మజ్జిగలో ముంచుకుంటారు. మా ఇంట్లో ఏడాది కారానికి కాయలన్నిటికీ తొడిమలు తీసే అక్కకు కొన్నాళ్లుగా ఆ అవసరం రాలేదు. "నీకు మంట పుట్టదేంటే?" అని పక్కింటి పిన్ని అడిగితే, "మీవి చేతులా, లేత అరిటాకులా?" అని నవ్వేది. పని చేసి చేసి చేతులు రాటుదేలాయని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నాం.

ఆ బొబ్బలు చూశాక గుంటూరు తీసుకెళ్తే స్కానింగ్ తీశారు. మెడ దగ్గర వెన్నుపాము లోపల నీరు చేరి, వేడినీ నొప్పినీ తెలిపే నరాలను నొక్కేసిందట. అరుదైన జబ్బు. "పోయిన స్పర్శ రాదమ్మా. ఉన్న బలం పోకుండా ఆపరేషన్ చేద్దాం" అని డాక్టరు గారు అక్కతో చెప్పారు. ఆపరేషన్‌కు ముందు రోజు నేను టీ గ్లాసు అందిస్తే, "వేడిగా ఉందేంట్రా? నువ్వే చెప్పాలి" అంది.

ఆపరేషన్ సరిగానే జరిగింది. తర్వాత మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకింది. అక్క ఆసుపత్రిలోనే పోయింది.

మా ఇంట్లో ఇప్పుడు ఏడాదికి సరిపడా కారం ఆడించడం లేదు.