బస్సులో నాలుగు వందల గంటలు

కాలేజీలో అందరూ ఆయన్ని సిలబస్ సార్ అనేవారు. ముఖం మీద కాదు లెండి, ముఖం మీద డైరెక్టర్ గారే. కొత్త కోర్సులు తయారుచేయడం ఆయన పని. ఏ చదువుకి గిరాకీ వస్తుందో పసిగట్టాలి, ఏ సెమిస్టర్లో ఏం చెప్పాలో రాయాలి, అనుమతులిచ్చే బోర్డు వాళ్లు తనిఖీకొస్తే ఫైళ్లు ముందుపెట్టి తలూపించాలి. కెమిస్ట్రీ ట్యూటరుగా చేరిన మనిషి, సుద్దముక్క వదిలేసి ఈ కుర్చీలోకి వచ్చాక పదమూడు కోర్సులు పుట్టించాడు. టైంటేబుల్ గీయడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. ముప్పై గంటల వారంలో ముప్పై నాలుగు గంటల పని ఇరికించి, ఎక్కడా అతుకు కనబడకుండా చూపించేవాడు. చెడ్డవాడని నేననను. చెడ్డవాడైతే నాకింత ఒళ్లు మండేది కాదు.

పద్నాలుగోది డయాలసిస్ టెక్నీషియన్ కోర్సు. కిడ్నీలు చెడిపోయినవాళ్లకి మెషీన్ మీద రక్తం శుభ్రం చేసే పని నేర్పే మూడేళ్ల చదువు. చివరి ఏడాది ఆసుపత్రిలో పన్నెండు వందల గంటలు శిక్షణ ఉండాలని బోర్డు షరతు. గంట ప్రయాణం దూరంలో ఉన్న పెద్దాసుపత్రి రోజుకి నాలుగు గంటలే ఇస్తామంది. రెండు వందల రోజులకి ఎనిమిది వందలు. మిగతా నాలుగు వందల కోసం సిలబస్ సార్ రెండు రోజులు జుట్టు పీక్కున్నాడు. మూడో రోజు తట్టింది. పొద్దున బస్సులో గంట, సాయంత్రం బస్సులో గంట! లెక్చరర్ బస్సులో నిలబడి ఆ రోజు కేసుల గురించి చెబుతాడు, పిల్లలు రాసుకుంటారు. దానికి 'సంచార బోధన' అని పేరు పెట్టి ఫైలు పంపాడు. బోర్డులో ఎవరూ అదేమిటని అడగలేదు.

దొంగబుద్ధితో చేసింది కాదు. శిక్షణ మొదలైన రోజు తనే బస్సెక్కి, వెనక సీట్లో కూర్చుని పాఠం విన్నాడు. పదిహేనో రోజుకి లెక్చరర్ వాంతులు తట్టుకోలేక, నా వల్ల కాదు సార్ అని దణ్ణం పెట్టేశాడు. "చూద్దాం" అన్నాడు సిలబస్ సార్. ఆ చూడటంలోనే ఏడాది గడిచిపోయింది. పిల్లలు బస్సులో నిద్రపోయేవారు. ఫైల్లో మాత్రం సంచార బోధన నిక్షేపంగా సాగింది.

ఆ మొదటి బ్యాచ్ ముప్పై ఎనిమిది మందిలో ఆయన మేనకోడలు ఒకతి, అక్క కూతురు. తమ అమ్మానాన్నా పోయాక ఆ అక్కే తన చదువు మానేసి, బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడి తమ్ముణ్ణి చదివించింది. కూతుర్ని ఎందులో చేర్చమంటావని అడిగితే, "నా కోర్సులోనే అక్కా, రోగాలకి సెలవుండదు కదా" అని నవ్వాడు. అక్క ఇంకెవర్నీ అడగలేదు. ఆ పిల్ల జ్వరమొచ్చినా ఒక్క రోజు మానలేదు. ఆసుపత్రి వాళ్లే ఉద్యోగం ఇస్తామన్నారు. బోర్డు నుంచి రిజిస్ట్రేషన్ నంబరు రావడమే తరువాయి.

నంబర్లు ఇచ్చేముందు బోర్డు ఆసుపత్రి నుంచి హాజరు పుస్తకం తెప్పించుకుంది. ఎవరి పేరు చూసినా ఎనిమిది వందలు దాటలేదు. సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. కాలేజీ యజమాని సిలబస్ సార్‌ని పిలిచాడు.

"ఏమయ్యా, మిగతా నాలుగు వందలేవీ?"

సిలబస్ సార్ నీళ్లు నమిలాడు. "బస్సులో అండి."

యజమాని నవ్వలేదు. "అలా రాస్తే ఈ కోర్సు పోతుంది. దీంతో ఆగుతారా? నీ మిగతా పదమూడూ తిరగేస్తారు. పిల్లలు డుమ్మా కొట్టారని రాయి. ఇంకో ఏడాది చేస్తారు, కొంపలేం మునిగిపోవు."

రాశాడు. విద్యార్థులు తరచూ గైర్హాజరైనందువల్ల గంటలు తగ్గాయని, సంస్థ పలుమార్లు హెచ్చరించిందని. కింద ముప్పై ఎనిమిది పేర్ల జాబితా. మేనకోడలిది పంతొమ్మిదో పేరు. అక్కడ ఆయన కలం ఆగిందని చెప్పాలని నాకూ ఉంది. ఆగలేదు.

అందరూ చివరి ఏడాది మళ్లీ చదవాలని బోర్డు తేల్చింది. అభ్యంతరముంటే పది రోజుల్లో, కాలేజీ రాసిచ్చిన కాగితంతో సహా అప్పీలు చేసుకోమంది. ఆసుపత్రి ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేసింది. అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, ఇది రోజూ ఆరింటికల్లా ఇంట్లోంచి బయల్దేరేది కదరా. ఎక్కడికి పోయినట్టు?"

చెప్పడానికి అంతకన్నా మంచి అదను లేదు. "కనుక్కుంటానక్కా" అన్నాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మేనకోడలు ఆయన గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మావయ్యా, నేను ఒక్క రోజైనా మానేశానా?"

"లేదమ్మా."

"మరి అదే రాసివ్వు. అప్పీలుకి రేపే ఆఖరు." తెల్లకాగితం బల్ల మీద పెట్టింది.

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఒక్క నీ పేరు తీయించేస్తాను. పొరపాటున పడిందంటాను."

"మిగతా వాళ్ల పేర్లు?"

ఆయన బల్ల మీది ఫైళ్లు సర్దడం మొదలుపెట్టాడు.

"పోనీ, బోర్డుకి వద్దు. అమ్మకి రాసివ్వు, రెండు ముక్కలు. ఆ ఏడాదంతా ఎవడితో తిరిగావే అని రోజూ అడుగుతోంది. నేనెంత చెప్పినా, మావయ్య అబద్ధం రాస్తాడా అంటోంది."

ఆయన కలం తీశాడు. మూత తీశాడు. ఆ కాగితం అక్క చేతుల్లోంచి ఎవరెవరి చేతుల్లోకి పోతుందో ఆలోచించాడు. మళ్లీ మూత పెట్టాడు.

"అక్కతో నేను మాట్లాడతాను లేమ్మా."

"ఏమని?"

ఆయన కలం జేబులో పెట్టుకున్నాడు. ఆ పిల్ల కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "వస్తాను, డైరెక్టర్ గారూ" అని వెళ్లిపోయింది. అప్పీలు గడువు మర్నాటితో అయిపోయింది.

ఆదివారం అక్కే మళ్లీ ఫోన్ చేసింది. "నీ దగ్గరికి వచ్చిందట కదరా. దానికి బాగా గడ్డి పెట్టావా?"

"పెట్టానక్కా" అన్నాడు.