కొమురయ్య కాక అడ్డుచెక్క

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఏడో తరగతిలో బడి మానేసినవాడు కదా, ఏది చెప్పినా నమ్ముతాడని కొందరు నా దగ్గర దయ్యాల కథలు మొదలుపెడతారు. ఇరవై ఏళ్లుగా గోదావరిఖనిలో పికప్ బండి నడుపుతున్నాను. శ్మశానాల పక్క నుంచీ, మూతబడ్డ గనుల పక్క నుంచీ ఎన్ని ట్రిప్పులు తిరిగానో లెక్కలేదు. ఇంతవరకు నాకు అడ్డం వచ్చినవి బర్రెలు, పెళ్లి బరాత్‌లు. అంతే.

ఇది రాసే ఓపిక కూడా నాకు లేదు. కానీ మా పికప్‌ల అడ్డా మీద అడిగినవాడికల్లా చెప్పీ చెప్పీ నోరు అలసిపోయింది. పైగా చెప్పిన ప్రతిసారీ ఎవడో ఒకడు ఓ ముక్క కలుపుతున్నాడు. మొన్న ఒకాయన నాకే చెప్పాడు, బండి గాల్లోకి లేచిందట. అందుకే ఉన్నది ఉన్నట్టు ఒకసారి రాసి పెడుతున్నాను.

ముందు పాత బండి సంగతి చెప్పాలి. అది కొమురయ్య కాకది. కాక మా నాన్న తమ్ముడు. భూగర్భ గనిలో పట్టాల మీద బొగ్గు టబ్బులను తాడుతో లాగే చోట ముప్పై ఏళ్లు పనిచేశాడు. రిటైరయ్యాక అందరూ ఇల్లు కట్టుకుంటే ఆయన పికప్ కొన్నాడు, అది కూడా సెకండ్ హ్యాండ్‌ది. డ్రైవింగ్ రాదు. నడపడానికి నేనున్నాను. ఎడమ పక్క సీట్లో కూర్చొని తిట్టడానికి ఆయనున్నాడు.

ఆ బండి గురించి ఎంత చెప్పినా తక్కువే. తాళంచెవి ఎప్పుడో పోయింది, దాని చోట స్క్రూడ్రైవరు పెట్టి తిప్పేవాణ్ణి. హారన్ తప్ప అన్నీ మోగేవి. డ్రైవరు సీటులో నా ఒంటికి సరిపోయేంత గుంట పడింది, ఇంకెవరు కూర్చున్నా నడుము పట్టేసేది. అడ్డా మీద ఒకాయనకు తన బండి పాటల డబ్బా అంటే ప్రాణం. ఇంకొకాయన వెనక తలుపు మీద ఇద్దరు బిడ్డల పేర్లు రాయించుకొని రోజూ తుడుస్తాడు. మా బండిలో అలాంటివేమీ లేవు. ఉన్నదల్లా, ఎంత లోడు వేసినా కాదనకపోవడం.

దానికి రెండు రోగాలు ఉండేవి. సెల్ఫ్ సరిగా పనిచేయదు. అందుకని ఎక్కడ ఆపినా ముందు భాగం పల్లానికి ఉండేలా, న్యూట్రల్‌లో ఆపేవాళ్లం. కొంచెం దొర్లనిచ్చి గేరు వేస్తే స్టార్టయ్యేది. రెండో రోగం, హ్యాండ్ బ్రేకు లేదు. అందుకని చక్రానికి ముందు అడ్డుచెక్క పెట్టాలి.

ఆ చెక్కను కాక స్వయంగా చేశాడు. గనిలో వాలు మీద నిలబెట్టిన టబ్బుకు అడ్డం పెట్టే చెక్కలాగే ఉంటుంది. గట్టి కర్ర, మూరెడు కంటే తక్కువ పొడవు, ఒక పక్క ఏటవాలుగా కోసినది. దాని మీద గనిలో తనకిచ్చిన టోకెన్ నంబరు మేకుతో గీసుకున్నాడు. ఒకసారి వానలో టీ పెట్టుకోవడానికి పుల్లలు దొరక్క, నేను దాని మూల ఒకటి గొడ్డలితో చెక్కాను. ఆర్నెల్లు తిట్టాడు.

నేను బండి దిగగానే ఆయన ఒక్కటే అడిగేవాడు.

"చెక్క పెట్టినవారా?"

"నీ నెత్తి మీద పెట్టిన కాకా."

"నవ్వుతవ్ బిడ్డా నవ్వుతవ్. టబ్బు దొర్లితె ముందలున్నోడు ఎట్ల పోతడో నేను చూసిన. నువ్వు చూళ్లే."

నేను నవ్వుతూనే ఉండేవాణ్ణి. చివరికి ఆయనే తన పక్క తలుపు తీసుకొని దిగి పెట్టేవాడు. ఎప్పుడూ ఎడమ పక్క ముందు చక్రానికే. ఆయన దిగేది ఆ వైపే కదా.

రెండేళ్ల క్రితం కాక పోయాడు. ఊపిరితిత్తుల జబ్బు. మాలో పూడ్చిపెడతారు. గుంతలో బీడీల కట్ట, తువ్వాల పెట్టారు. నేను బండిలోంచి అడ్డుచెక్క తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాను. "ఆడ ఎత్తుపల్లాలు ఎట్లున్నయో ఏమో" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నేను తాగి ఉన్నాను, అందరమూ తాగి ఉన్నాం. నా మాటలో ఆ మేరకు తగ్గించుకోండి. కానీ చెక్క మీద మట్టి పడడం నేను చూశాను.

ఆ తర్వాత పాత బండిని తుక్కుకు ఇచ్చేసి కొత్త పికప్ తీసుకున్నాను. ఏసీ, పవర్ స్టీరింగ్, తాళంచెవి, అన్నీ ఉన్నాయి. సీటులో మాత్రం ఇంకా గుంట పడలేదు. హ్యాండ్ బ్రేకు కూడా ఉంది కాబట్టి అడ్డుచెక్క అవసరం రాలేదు.

అయితే ఇరవై ఏళ్ల అలవాటు. కొత్త బండిని కూడా పల్లానికే ఆపుతున్నాను, న్యూట్రల్‌లోనే వదులుతున్నాను. పాత అలవాటులో సగం ఉంచుకొని సగం వదిలేశానని అప్పుడు నాకు తట్టలేదు.

పోయిన ఎండాకాలం, గనిలో పనిచేసే ఓదెలన్న రిటైరయ్యాడు. రిటైరైతే కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. మా పికప్‌ల వాళ్లకు సగం పని ఇదే. ముప్పై ఏళ్ల సంసారాన్ని మూడు ట్రిప్పుల్లో ఊరికి చేరుస్తాం. పొద్దున ఫస్టు షిఫ్టు వాళ్లతోపాటు మొదలుపెట్టాను. మూడో ట్రిప్పుకు వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. రామగుండం ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది. స్టీరింగ్ పట్టుకుంటే చేతులు కాలుతున్నాయి, కళ్లు మూతలు పడుతున్నాయి. క్వార్టర్ ముందు వాలు మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి దిగాను.

"చెక్క పెట్టినవారా" అని అడిగేవాళ్లు లేరు. నాకూ గుర్తు రాలేదు.

మంచాలు, బియ్యం డ్రమ్ములు, కుట్టు మిషను ఎక్కించాం. ఇక ఇనుప బీరువా ఒక్కటే మిగిలింది. నేను, ఓదెలన్న, ఆయన బామ్మర్ది ముగ్గురం లోపలికి వెళ్లాం. ఓదెలన్న భార్య లచ్చక్కకు మోకాళ్ల నొప్పులు. ఎక్కడా నీడ లేదని బండి ముందర పడిన నీడలో, కాస్త ఎడంగా, బండి వైపు వీపు తిప్పి నేల మీద కూర్చుంది. ఒళ్లో గంప, గంపలో కోడి. నేను చూశాను. లెమ్మనలేదు. పైగా పరాచికమాడాను.

"అక్కా, కోడికి టికెట్ తీసుకున్నవా?"

"నీ బండికి అద్దె ఇచ్చుడే ఎక్కువ, కోడికి సుత టికెట్టా? పోరా పో, బీరువ తే" అంది లచ్చక్క.

బీరువా గడప దగ్గరికి తెచ్చాం. అప్పుడే, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయింది. మాకది కొత్త కాదు. కిటికీలు వణుకుతాయి, గిన్నెలు మోగుతాయి, ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. ఆ రోజు పేలుడు కొంచెం దగ్గరగా అనిపించింది. కాళ్ల కింద నేల అదిరింది.

గడపలోంచి చూస్తుండగా నా బండి కదిలింది.

నా చేతిలో బీరువా ఉంది. అరవాలనుకున్నాను. జీవితమంతా ఆగని నా నోరు అప్పుడే ఆగిపోయింది. బండి జానెడు దొర్లి, ముక్కు ఊపి, ఆగింది. లచ్చక్క ఇంకా కోడిని నిమురుతూనే ఉంది.

బీరువాను ఎలా దించామో గుర్తులేదు. పరుగెత్తి లచ్చక్కను చెయ్యి పట్టి పక్కకు లాగాను. "ఏమైందిరా పిచ్చోడా" అని తిట్టింది. అప్పుడు వంగి చూశాను.

ఎడమ ముందు చక్రం కింద అడ్డుచెక్క ఉంది. టైరు దాని వాలు మీదికి కొంచెం ఎక్కి ఆగింది. వెనక దుమ్ములో జానెడు మేర టైరు గుర్తు. బండిని రివర్స్ చేస్తే గాని చెక్క ఊడి రాలేదు.

ఓదెలన్న పెట్టలేదు, ఆయన బామ్మర్ది పెట్టలేదు. ఇద్దరూ నాతోనే లోపల ఉన్నారు. లచ్చక్క ఎవరినీ చూడలేదు, అడుగుల చప్పుడు కూడా వినలేదట. ఆ ఎండకు వీధిలో కుక్క కూడా లేదు.

చెక్కను తిప్పి చూశాను. మేకుతో గీసిన నంబరు. గొడ్డలితో కొట్టిన మూల.

హ్యాండ్ బ్రేకు సంగతి మెకానిక్ తేల్చాడు. కేబుల్ నట్టు వదులైందట. "దానిదేముంది అన్నా, బిగిస్తె అయిపాయె" అన్నాడు. చెక్క సంగతి ఆయనను అడగలేదు.

చెక్కను కాక భార్య, మా చిన్నమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. చాలాసేపు చేతిలో పట్టుకుంది. బొటనవేలితో ఆ మూలను తడిమింది.

"రెండోది చేసిండో ఏమో, నాకెర్క లేదు కొడుకా" అంది. చెక్కను వెలుతురుకు తిప్పి మళ్లీ తనే అంది. "గానీ ఈ మూల నువ్వు కొట్టిందే."

"గిది నీ దగ్గర పెట్టుకో చిన్నమ్మా."

"నాకెందుకురా? నేనేమన్న బండి నడుపుతున్ననా?"

తవ్వి చూద్దామంటే అదీ లేదు. కాకను పూడ్చిన చోటు దాకా ఓపెన్‌కాస్ట్ మట్టి వచ్చేసింది. ఇప్పుడక్కడ గుట్ట ఉంది, గుట్ట మీద డంపర్లు తిరుగుతున్నాయి.

నేను చాలా రకాలుగా ఆలోచించాను. తాగిన మైకంలో వేరే కర్ర ఏదైనా గుంతలో పెట్టానా? అలాగైతే అసలుది పాత బండితో తుక్కులోకి పోయి ఉండాలి. కొత్త బండిలోకి నేనే తెచ్చి మరిచానా? తెచ్చి ఉంటే ఒక్కసారైనా కంటపడేది, రోజూ కడిగే బండి కదా. మరి నేనే పెట్టి మరిచిపోయానా? ఇది కొంచెం నమ్మాలనిపిస్తుంది. కానీ దిగగానే నేను నేరుగా కుడిపక్క నుంచి ఇంట్లోకి వెళ్లాను. ఎడమ పక్కకు పోనేలేదు.

భయం వేయలేదా అని అడుగుతారు. భయపడడానికి కూడా ఓపిక కావాలి.

లచ్చక్క ఊరు నుంచి అప్పుడప్పుడు కోడిగుడ్లు పంపుతుంది. ఓదెలన్న మనవణ్ణి ఎత్తుకున్న ఫోటో పంపాడు. నేను ఇప్పటికీ బండిని పల్లానికే ఆపుతాను, కానీ గేరులో వదులుతాను. దిగి, చుట్టూ తిరిగి, ఎడమ పక్క ముందు చక్రానికి అడ్డుచెక్క పెడతాను. అడ్డా మీద నవ్వుతారు, కొత్త బండికి కట్టె కాలు ఏందన్నా అని. నవ్వనీ.

ఇప్పుడు రోజూ పెట్టేది నేనే. ఆ రోజు మాత్రం నేను పెట్టలేదు. నాకు తెలిసింది అంతవరకే.