మా చాపల మీద ఎండిన చేపలు

నిన్న సూపర్ మార్కెట్లో ఎండుచేపల ప్యాకెట్ మీద ‘ఇసుక ఉండదు’ అన్న మాట చదివి, మోకాళ్ళ నొప్పి మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను.

సముద్రం ఒడ్డున మా ఊరు జువ్వలదిన్నెలో మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అరవైల్లో ఊరంతా చేపల్ని ఇసుకలోనే ఎండేసేవాళ్ళు. ఎంత కడిగినా కూరలో పళ్ళకింద కరకరమనేది. మా అమ్మ ఎండుచేపల వ్యాపారం మొదలుపెట్టినప్పుడు, మేం పడుకునే ఈతాకు చాపలు తీసుకెళ్ళి వాటి మీద ఎండేసింది.

“మేం యాడ పడుకునేది మా?” అని ఏడ్చాను.

“చేపకి ఇసక తగిల్తే ఎవురు కొంటారు? మనకి తగిల్తే దులుపుకుంటే పోతాది” అంది.

అమ్మ చేపలకి సంతలో పేరొచ్చింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడితే చాలు, ఇంకో చాప కొనేది. అదీ చేపలకే. అలా ఏళ్ళు గడిచాక, అమ్మ అలసట చూడలేక నాన్న నులకమంచం కొనుక్కొచ్చాడు.

“ఇంకనైనా కాసేపు నడుం వాల్చు మే” అన్నాడు.

అమ్మ నులక సందుల్లో వేళ్ళు పెట్టి చూసింది. “కిందనించి గూడా గాలి తగల్తాది” అంది.

పొద్దున లేచేసరికి మంచం నిండా చేపలు. పక్కనే ఇసుకలో కూర్చుని, కాకుల్ని తోలుతూ అమ్మ.