మడి ఆరబెట్టించే అమ్మాజీ టీచరు

నిలవ నీరు కనబడితే అమ్మాజీ టీచరు గారి చేతులు ఊరుకోవు. పెళ్ళింట్లో చేతులు కడుక్కునే గంగాళమైనా, గుడివాడ ఆసుపత్రి వరండాలో తుడుపు బకెట్టైనా, పారబోసేదాకా ఆవిడకి మనశ్శాంతి ఉండదు. ఇక మొవ్వ చుట్టుపక్కల వరిచేలు ఆవిడ కంటికెలా కనిపిస్తాయో వేరే చెప్పాలా?

అందరికన్నా ముందు ఆ కంట్లో పడ్డవాడు గంగరాజు. అతని పొలం కాలువ తూముకి ఆనుకునే ఉంది. మడి నిండా నీళ్ళు తొణుకుతుంటేనే అతనికి అన్నం సయిస్తుంది. అలాంటివాడి గట్టు దగ్గర, సైన్సు చెప్పి రిటైరైన ఆవిడ రోజూ స్కూటరు ఆపేది.

"గంగరాజూ, మీ మడి అడుగున చుట్టాలు దిగారయ్యా."

"ఎవరండీ?"

"కంటికి కనబడని సూక్ష్మజీవులు. గాలాడని బురదంటే వాళ్ళకి అత్తారిల్లు. కుళ్ళిన దుబ్బుల మీద బతుకుతూ మీథేను గ్యాసు వదుల్తారు. అది పైకెళ్ళి భూమినంతా వేడెక్కిస్తోంది. నీళ్ళు ఆపి, మడికి కాస్త గాలి తగలనీ. దెబ్బకి నోళ్ళు మూసుకుంటారు."

"నీళ్ళాపితే ముందు నా నోట్లో మట్టి పడుద్దండీ!"

ఒకసారి అతని గేదె తీరిగ్గా తేన్చింది. టీచరు గారు చెవి రిక్కించారు.

"విన్నావా? అదీ మీథేనే. దాని పొట్టలోనూ ఆ జాతివాళ్ళే ఉన్నారు."

"ఏం చెయ్యమంటారండీ? సారీ చెప్పించమంటారా?"

"మేత మార్చు" అందావిడ, నవ్వకుండా.

తమాషా ఏమిటంటే, ఆవిడ ఇంట్లో కాఫీ కాగేది ఆ సూక్ష్మజీవుల చలవతోనే. పెరట్లో గోబర్ గ్యాస్ తొట్టి ఉంది. దొరికిపోయారనుకున్నాడు గంగరాజు.

"మీరేమో పెంచుకుంటున్నారే!"

"నేను మూత కింద పెట్టి పని చేయించుకుంటున్నా. నువ్వు ఊరిమీదకి వదిలేశావు."

ఆ ఏడు కాలువకి నీళ్ళు తగ్గాయి, వంతులు పెట్టారు. ఎవరి వంతులో వాళ్ళు గట్లు తెగేలా నింపుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే టీచరు గారు సీసా, గరాటు, అగ్గిపెట్టె, ఒక చిల్లుల గొట్టం పట్టుకుని గంగరాజు మళ్ళో దిగారు. గరాటు నీళ్ళలో బోర్లించి, దానిమీద నీళ్ళు నింపిన సీసా తలకిందులుగా పెట్టి, కర్రతో బురద కెలికారు. బుడగలు గుడగుడమంటూ సీసాలోకి ఎక్కాయి. మూతిని బొటనవేలితో మూసి పైకి తీసి, అగ్గిపుల్ల చూపించారు. నీలం మంట భగ్గుమంది. పక్క మడి తాతారావు చెప్పులొదిలేసి పరుగెత్తాడు.

"చేను అంటుకుంటుందాండీ?" గంగరాజు ఒక్క గంతులో గట్టెక్కేశాడు.

"అంటుకోదులే. ఇదిగో, ఈ చిల్లుల గొట్టం మళ్ళో పాతు. అందులో నీళ్ళు నేలకి జానెడు కిందికి దిగాకే మళ్ళీ పెట్టు. పూత వేళ మాత్రం ఆరబెట్టావో, నేనే తంతాను."

"పైరు దెబ్బతింటే?"

"మా చేలో పండిందంతా మీ ఇంటికి తోలిస్తాను. నాకంత నమ్మకం."

ఆ ధీమా ముందు గంగరాజు నిలవలేకపోయాడు. తూము మూశాడు. మళ్ళో సన్నటి నెర్రె కనబడితే తూము దాకా పరుగెత్తి, మళ్ళీ వెనక్కొచ్చేవాడు. పైరు మాత్రం అతన్ని పట్టించుకోకుండా గుబురుగా పిలకలు వేసింది. అది చూసి తాతారావూ ఒక గొట్టం పాతాడు. కానీ అతనికో అనుమానం.

"బావా, మనం తూము మూసినప్పుడల్లా టీచరు గారు కాలువ గట్టెంట దిగువకి పోతున్నారు. మన నీళ్ళు ఎవరి చేలోకెళ్తున్నాయంటావ్?"

గంగరాజుకి ఒళ్ళు మండింది. బండి తీసి వెంటపడ్డాడు.

ఘంటసాల వైపు, కాలువ చిట్టచివర, టీచరు గారు చీర ఎగదోపుకుని మోకాలి లోతు బోదె కాలువలో నీళ్ళకి అడ్డుపడ్డ గుర్రపుడెక్క పీకుతున్నారు. పక్కన పారతో జకరయ్య, అతని భార్య రాజమ్మ. వాళ్ళ చేను పాదం పట్టేంత నెర్రెలు విచ్చి ఉంది. ఎగువ నుంచి వచ్చిన నీళ్ళు ఆ నెర్రెల్లోకి చప్పుడు చేస్తూ దిగుతున్నాయి.

"ఇదా టీచరు గారూ సంగతి? ఒక్క మాట అడిగితే ఇవ్వకపోయేవాణ్ణా?"

"పోయినేడు అడిగాను కదయ్యా. చివరి చేలవాళ్ళ సంగతి మనకెందుకండీ అన్నావు. వాళ్ళ పైరు మాడిపోయింది."

గంగరాజు తలొంచుకున్నాడు. "అయితే ఆ మీథేను కథంతా..."

"కథేమిటి, అక్షరాలా నిజం! ఒక్క తూము మూస్తే రెండు పనులయ్యాయి. నీకు చెప్పింది ఒకటే."

రాజమ్మ చెంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. "మీ నీళ్ళేనా బాబూ ఇవి?"

అవునందామని నోరు తెరిచాడు గంగరాజు. "కాలువ నీళ్ళమ్మా. మీవి కూడా" అన్నాడు.

ఈలోగా నెర్రెలు నిండి, మళ్ళో నీళ్ళు పల్చగా పరుచుకున్నాయి. టీచరు గారు వంగి చూసి, చెయ్యెత్తారు.

"జకరయ్యా, చాలు చాలు. గండి కట్టెయ్. మళ్ళీ చుట్టాలు దిగుతారు!"

"ఇప్పుడే కదండీ వచ్చాయి!" జకరయ్య లబలబలాడాడు.

గంగరాజు పంచె ఎగ్గట్టి బోదెలోకి దిగాడు. జకరయ్య చేతిలో పార లాక్కుని గండికి అడ్డంగా నిలబడ్డాడు.

"మీరుండండి టీచరు గారూ. ఈ చేను బాగా తడిసేదాకా గండి కట్టడానికి వీల్లేదు. కావాలంటే ఈ పూటకి మా తూము నేను తెరవను!"