యాదగిరి సార్ రెండో ఆపరేషన్

మా అమ్మగారింటి వెనక బడి మైదానంలో పొద్దున్నే ఎవరో ఖోఖో కోర్టుకు గీతలు వేస్తున్నారు. తడిపిన మట్టి మీద సున్నప్పొడి పడితే ఒక వాసన లేస్తుంది, కొంచెం ఘాటుగా, కొంచెం చల్లగా. సెలవు మీద సిద్దిపేట వచ్చిన ప్రతిసారీ ఆ వాసనకు నాకు మా పీఈటీ యాదగిరి సార్ గుర్తొస్తారు. ఆ గీతల పని ఆయన ఎవరికీ ఒప్పజెప్పేవారు కాదు. తెల్ల ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, తాడు పట్టుకుని తానే వేసేవారు. రిటైరయ్యాక కూడా రోజూ వచ్చి ఆడపిల్లలకు ఆట నేర్పేవారు. మా బాపు కల్లు గీసేవాడు. నేను జిల్లా జట్టులో ఆడతానంటే వద్దన్నాడు. సార్ మా ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, "నీ బిడ్డ కాళ్లల్ల ఏమున్నదో నీకు తెల్వది, నాకు తెలుసు. నా వెంబడి పంపు, నా వెంబడే తెస్త" అన్నారు. ఆ ఆటల కోటాలోనే నాకు నర్సింగ్ సీటు దొరికింది. ఇప్పుడు హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో మూత్రకోశ వ్యాధుల వార్డులో పనిచేస్తున్నాను.

కొన్నేళ్ల కిందట సార్‌కు ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ బయటపడింది. వేరే ఆసుపత్రిలో ఆ గ్రంథిని తీసేసి, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. "జబ్బు పోయింది" అని ఫోనులో చెప్తే సంతోషించి ఊరుకున్నాను. నర్సునై ఉండి ఇంకో మాట అడగలేదు. ఏడాదిన్నర తర్వాత ఊరికొస్తే మైదానంలో సార్ లేరు. "మోకాళ్ల నొప్పులంట అక్కా, వస్తలేడు" అన్నారు పిల్లలు.

ఆ మధ్యాహ్నమే వాళ్లింటికి వెళ్లాను. డాబా మీద తీగకు ఆరు ప్యాంట్లు ఆరేసి ఉన్నాయి. అన్నీ నల్లవే. లోపల సార్ ప్లాస్టిక్ కుర్చీలో, మడత పెట్టిన తువ్వాల మీద కూర్చుని ఉన్నారు. ఆయన భార్య సుజాతమ్మ చాయ్ తెచ్చింది. సార్ కప్పు అందుకుని పక్కన పెట్టేశారు. అది అలాగే చల్లారింది. మాటల మధ్య దగ్గొచ్చింది. దగ్గి, కాళ్లు రెండూ దగ్గరకు చేర్చి గోడ వైపు చూశారు.

"మోకాళ్లు కాదు గద సార్" అన్నాను.

"మరేంది?"

"మూత్రం ఆగుతలేదు."

సుజాతమ్మ మెల్లగా వంటింట్లోకి వెళ్లిపోయింది. సార్ ముఖం ఎర్రబడింది. "నువ్వు ఆడపిల్లవు స్వరూపా. గీ ముచ్చట నీతోటి ఎట్ల మాట్లాడుత? ఇంటికి పో."

వెళ్లలేదు. తొమ్మిదో తరగతిలో జగదేవ్‌పూర్‌కు పోటీలకు పోయినప్పటి సంగతి ఆయనకు గుర్తుచేశాను. ఆట మధ్యలో నాకు నెలసరి వచ్చింది. నిక్కరు తడిసింది నేను చూసుకోలేదు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతుంటే తెలిసింది. సార్ విజిల్ ఊది, నిర్వాహకులను బతిమాలి ఆట ఆపించారు. తన స్వెటర్ నా నడుముకు కట్టించి, ఒక టీచరమ్మతో లోపలికి పంపారు. నేను గదిలో ఏడుస్తూ ఇక బయటికి రానంటుంటే తలుపు అవతల నిలబడి, "గది ఒంటి సంగతి బిడ్డా, తప్పు గాదు. మార్చుకొని రా. నీ కోసమే ఆట ఆపిన" అన్నారు. వెళ్లి ఆడాను. ఓడిపోయాం, అది వేరే మాట.

"అప్పుడు గూడ నేను ఆడపిల్లనే సార్. మీరే మాట్లాడిన్రు" అన్నాను.

సార్ తన చేతుల వైపే చూసుకుంటూ చెప్పారు. "లేస్తే కారుతది. దగ్గితే కారుతది. విజిల్ ఊదినా కారుతది. గ్రౌండ్ల పిల్లల ముంగట తెల్ల ప్యాంటు తడిసింది. నేను చూస్కోలే. ఒక పిల్ల చూసి తల తిప్పుకున్నది. గంతే, మళ్ల పోలే."

"డాక్టరుకు చెప్పలేదా?"

"కుట్లు మానినయా అని అడిగిండు, మానినయ్ అన్న. గిది ఎవ్వరూ అడగలే, నేను చెప్పలే."

వారం తిరక్కముందే ఆయన్ని మా సర్జన్ దగ్గరకు తీసుకెళ్లాను. మొదటి ఆపరేషన్ అయి ఇంటికి పంపేటప్పుడు అందరికీ ఇచ్చే కాగితం చూసి, కటి కండరాలు బిగించే వ్యాయామాలు సార్ అప్పటికే ఏడాది పైగా చేశారు. వ్యాయామం చెప్తే ఎగ్గొట్టే మనిషి కాదు. ఇక వాటితో పని కాదని పరీక్షల్లో తేలింది. సర్జన్ తెల్లకాగితం మీద బొమ్మ గీశారు. మూత్రనాళం గోడలోకి సూదితో మందు ఎక్కించి నాళాన్ని ఇరుకు చేయొచ్చు, కాని ఇంతగా కారుతుంటే అది నిలవదు. నాళం కింద జాలీ లాంటి పట్టీ వేసి ఎత్తి పట్టొచ్చు. కొద్దిగా కారేవాళ్లకు అది బాగా పనికొస్తుంది, రేడియేషన్ అయినవాళ్లకు ఫలితం తక్కువ. మూడోది కృత్రిమ కవాటం. నాళం చుట్టూ నీళ్లతో బిగుసుకునే చిన్న పట్టీ, పొత్తికడుపులో ఒక బుడగ, వృషణాల సంచిలో వేలెడంత పంపు. మూత్రం పోయాలనుకున్నప్పుడు పంపు నొక్కితే పట్టీ వదులవుతుంది. రెండు మూడు నిమిషాల్లో దానంతటదే మళ్లీ బిగుస్తుంది.

"గది ఖరాబైతే?" అని అడిగారు సార్.

"కావచ్చు. చీము పట్టొచ్చు, నాళం ఒరుసుకుపోవచ్చు, కొన్నేళ్లకు మార్చాల్సి రావచ్చు. ఒక్క చుక్క కూడా కారదని నేను మాటివ్వను."

సార్ నా వైపు తిరిగి, "గీయన ఉన్నదున్నట్టు చెప్తుండు. గీయనతోనే చేపించుకుంట" అన్నారు.

సర్జన్ ఆయన చేతికి నమూనా పంపు ఇచ్చి నొక్కమన్నారు. ఎప్పుడో వాలీబాల్ తగిలి సార్ కుడి బొటనవేలు వంకరపోయింది, సరిగా వంగదు. పంపు మూడుసార్లు జారిపోయింది. చేతివేళ్లు సహకరించకపోతే ఆ కవాటం పెట్టరు. సార్ పంపును ఎడమ చేతిలోకి మార్చుకున్నారు. రెండుసార్లు తడుముకుని మూడోసారి నొక్కేశారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. అయితే లోపలి పుండు మానేదాకా, ఆరు వారాలు, దాన్ని పనిచేయనివ్వరు. ఆ ఆరు వారాలు మునుపటిలాగే కారింది. ముందే చెప్పినా సార్ తట్టుకోలేకపోయారు. "అనవసరంగ కోయించుకున్ననా స్వరూపా?" అని ఫోన్ చేసేవారు. ఓపిక పట్టమని ప్రతిసారీ చెప్పేదాన్ని.

కవాటాన్ని మొదలుపెట్టిన రోజు, వెంట వచ్చిన సుజాతమ్మను కారిడార్‌లో కూర్చోబెట్టి సార్ మా వార్డు బాత్రూంలోకి వెళ్లారు. నేను తలుపు బయట నిలబడ్డాను. చాలాసేపు చప్పుడు లేదు.

"వస్తలేదు బిడ్డా."

"ఎడమ చెయ్యి సార్. తొందరొద్దు."

కొంతసేపటికి ధార పడిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆగింది. సార్ బయటికొచ్చి కారిడార్ ఆ చివరి దాకా నడిచారు, తిరిగొచ్చారు, కావాలని గట్టిగా దగ్గారు. కిందికి చూసుకున్నారు. అక్కడే నిలబడి సుజాతమ్మను మంచినీళ్లు అడిగారు. ఏడాదిన్నరకు పైగా ఇంటి బయట గుక్కెడు నీళ్లు తాగని మనిషి గ్లాసుడు నీళ్లు ఎత్తిన గ్లాసు దించకుండా తాగుతుంటే సుజాతమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

అంతా మాయమైపోలేదు. బరువెత్తితే రెండు చుక్కలు పడేవి, చిన్న ప్యాడ్ ఒకటి ఉండేది. అయినా సార్ మైదానానికి వెళ్లారు. అంతకన్నా నాకు గొప్పగా అనిపించేది ఇంకొకటి. పెన్షనర్ల సమావేశంలో లేచి నిలబడి, "నాకు ఉచ్చ ఆగకపోతుండె. ఆపరేషన్ చేపించుకున్న. మీల ఎవరికన్న ఉంటే దాచుకోకున్రి" అన్నారట. కొందరు నవ్వారట. మర్నాడు ఇద్దరు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఆయన ఇంటికొచ్చారు.

పోయిన ఏడాది సార్ గుండెపోటుతో పోయారు. అప్పటిదాకా కవాటం పనిచేస్తూనే ఉంది.

"ఎవ్వరూ అడగలే" అన్న ఆయన మాట మాత్రం నన్ను వదల్లేదు. మొన్న చిన్నకోడూరు రైతు ఒకాయన ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాతి పరీక్షకు మా వార్డుకు కొడుకును, కోడలిని వెంటబెట్టుకుని వచ్చాడు. అంతా మంచిగుందన్నాడు. నేను వాళ్లిద్దరినీ బయట కూర్చోమని తలుపు వేశాను. స్టూలు దగ్గరకు జరుపుకుని కూర్చున్నాను.

"రోజుకు ఎన్నిసార్లు బట్టలు మారుస్తున్నవ్ పెద్దాయనా?"

ఆయన కిటికీ వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు, వేసే ఉంది.

"ఐదారు సార్లు బిడ్డా" అన్నాడు.

నేను పెన్ను మూత తీశాను.